ఫ్యాన్ రొటేట్ అవుతుందా, రివాల్వ్ అవుతుందా?

#1 పేపర్‌బోట్ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇది మా ఏడో క్లాసు పాప తెచ్చిన గొడవ. యూనిట్ టెస్టులో రొటేషన్‌కి ఒక ఉదాహరణ, రివల్యూషన్‌కి ఒక ఉదాహరణ రాయమన్నారట. పాప రెండోదానికి సీలింగ్ ఫ్యాన్ అని రాసింది. ఎర్ర ఇంకుతో కొట్టేసి అర మార్కు కోసేశారు.

అర మార్కు పోతే పోయింది. కానీ మొన్ననే హాల్లోకి కొత్త ఫ్యాన్ కొన్నాం, దాని అట్టపెట్టె ఇంకా బాల్కనీలోనే పడి ఉంది. పాప దాన్ని ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. పక్కన ముద్రించి ఉంది: స్వీప్ 1200 మి.మీ., స్పీడ్ 380 ఆర్‌పీఎం. "ఆర్ అంటే ఏంటి నాన్నా?" అంది. రివల్యూషన్స్ పర్ మినిట్ అని గొప్పగా చెప్పేశాను. చెప్పాక తెలిసింది ఇరుక్కున్నానని.

నేను తెలుగు మీడియం. తన చుట్టూ తాను తిరిగితే భ్రమణం, ఇంకోదాని చుట్టూ తిరిగితే పరిభ్రమణం అని బట్టీ పట్టినవాణ్ణి. ఆ లెక్కన ఫ్యాన్ ఉన్నచోటే తిరుగుతుంది కాబట్టి రొటేషనే. మరి పెట్టె మీద రివల్యూషన్స్ అని ఎందుకు? టీచర్ తప్పా, పెట్టె తప్పా? రేపు స్కూలు బస్సు వచ్చేలోగా జవాబు కావాలి, లేకపోతే నా పరువు పోతుంది.

#2 స్టార్టర్‌బాక్సు · రాత్రి 9:31

అన్నా, ముప్పై ఏళ్ల నుంచి మోటార్లు వైండింగ్ చేస్తున్నా. మా షాపులో ఈ తగువు లేదు. ఎన్ని చుట్లు తిరుగుతోంది అంటే ఆర్‌పీఎం. ఎటు తిరుగుతోంది అంటే రొటేషన్. నేమ్‌ప్లేట్ మీద ఆర్‌పీఎం నంబరు ఉంటుంది, పంపు బాడీ మీద రొటేషన్ చూపించే బాణం గుర్తు ఉంటుంది. ఒకటి లెక్క, ఒకటి దిక్కు. అంతే.

బాణం గుర్తు ఎందుకో కూడా చెప్తా. ఒకసారి మా పక్క ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ రిపేరుకు పోయి వచ్చింది. తెల్లారి ఆరుగురు రైతులు ఒకేసారి ఫోన్ చేశారు, మోటారు ఆడుతోంది గానీ నీళ్లు సన్నగా వస్తున్నాయని. బోర్లు ఎండిపోయాయని ఒకాయన ఏడుపు ముఖం పెట్టాడు. పోయి చూస్తే ఏముంది, తిరిగి బిగించేటప్పుడు రెండు ఫేజుల వైర్లు అటుదిటు అయినాయి. ఊళ్లో త్రీ ఫేజు మోటార్లన్నీ ఉల్టా తిరుగుతున్నాయి. స్టార్టర్‌లో మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చి బిగిస్తే సరిపోతుంది. ఆర్‌పీఎం మారలేదు, రొటేషన్ ఒక్కటే మారింది. ఈ రెండు మాటల తేడా ఆ రోజు ఆ ఆరుగురికీ బాగా తెలిసింది.

ఇంకోటి. టేబుల్ ఫ్యాన్‌లో షాఫ్ట్ తిరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్‌లో షాఫ్ట్ కదలదు, బయటి డొప్పే దాని చుట్టూ తిరుగుతుంది. అందుకని మీ పాప రాసింది మరీ తప్పేం కాదు!

#3 నల్లబల్ల · రాత్రి 9:48

రిటైరైన సైన్స్ టీచర్ని. ఆ పేపర్ నేను దిద్దినా అర మార్కు కోసేదాన్నే, తిట్టుకోకండి. ఆ పాఠం ఉన్నది భూమి, సూర్యుడు అనే అధ్యాయంలో. ఖగోళశాస్త్రం ఈ రెండు మాటల మధ్య గీత గీసుకుంది. ఇరుసు ఆ వస్తువులోంచే పోతే రొటేషన్, ఇరుసు బయట ఉంటే రివల్యూషన్. పరీక్షలో అడిగేది ఆ గీత గురించే. కాకపోతే పాప దగ్గర అట్టపెట్టె సాక్ష్యం ఉంది కాబట్టి, నేనైతే కోసేశాక ఒకసారి పిలిచి మాట్లాడేదాన్ని.

నేను పిల్లలకు చెప్పేది గుడి ఉదాహరణ. గర్భగుడి చుట్టూ తిరిగితే ప్రదక్షిణ. హారతి కళ్లకద్దుకున్నాక నిలబడ్డచోటే చేతులు జోడించి గుండ్రంగా తిరుగుతామే, అది ఆత్మప్రదక్షిణ. మొదటిది రివల్యూషన్, రెండోది రొటేషన్. ఈ ఒక్క మాటతో మళ్లీ ఏ పిల్లాడూ తప్పు రాయలేదు. భ్రమణం, పరిభ్రమణం అంటే రెండూ ఒకేలా వినబడి తారుమారు చేసేవాళ్లు.

#4 డాలస్‌దోసె · రాత్రి 10:05

మేడం, చిన్న డౌట్. చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపిస్తాడు కదా. అంటే తన చుట్టూ తాను తిరగట్లేదనేగా? మరి పుస్తకాల్లో చంద్రుడి రొటేషన్ 27.3 రోజులు అని రాస్తారు. ఇది నాకు చిన్నప్పటి నుంచి అర్థం కాలేదు, ఇప్పుడు నలభై దాటాక అడుగుతున్నా.

#5 నల్లబల్ల · రాత్రి 10:14

లేచి గది మధ్యలో ఒక కుర్చీ వేయండి. ముఖం కుర్చీ వైపే పెట్టి, పక్కకి అడుగులు వేస్తూ దాని చుట్టూ ఒక్క రౌండ్ రండి. కుర్చీలో కూర్చున్నవాళ్లకు మీ వీపు ఒక్కసారి కూడా కనబడకూడదు. తిరుగుతున్నంతసేపూ కుర్చీ వెనకాల ఏం కనబడుతోందో చూసుకోండి. ఆ తర్వాత వచ్చి రాయండి.

#6 డాలస్‌దోసె · రాత్రి 10:27

చేశాను. ముందు టీవీ కనబడింది, తర్వాత కిటికీ, తర్వాత ఫ్రిజ్, తర్వాత సోఫాలో కూర్చుని నన్ను అనుమానంగా చూస్తున్న మా ఆవిడ. నాలుగు గోడలూ కనబడ్డాయి. అంటే నేను నా చుట్టూ కూడా ఒక రౌండ్ తిరిగానన్నమాట! తిరగకపోతే మొదట్నుంచీ చివరిదాకా టీవీయే కనబడాలి. రెండూ 27.3 రోజులే కాబట్టి మనకు ఒకే ముఖం కనబడుతోంది. ముప్పై ఏళ్ల డౌట్ ఒక డైనింగ్ కుర్చీతో తీరింది, థ్యాంక్స్ మేడం.

#7 కాలవగట్టు · రాత్రి 10:40

అయితే మేడం గారూ, మీ గుడి ఉదాహరణలోనే ఒక తిరకాసు ఉందండి. ప్రదక్షిణ చేసేటప్పుడు మన కుడి భుజం ఎప్పుడూ గర్భగుడి వైపే ఉంటుంది. అంటే మనమూ చంద్రుడి లెక్కే. ఒక ప్రదక్షిణ పూర్తయ్యేసరికి మనకు తెలీకుండానే ఒక ఆత్మప్రదక్షిణ కూడా అయిపోయింది!

అసలు రొటేషన్ లేకుండా వట్టి రివల్యూషన్ చూడాలంటే జాతరకి వెళ్లాలండి. జెయింట్ వీల్ బుట్టలో కూర్చుంటే పైకెళ్లినా కిందకొచ్చినా మన తల ఆకాశం వైపే, కాళ్లు నేల వైపే. బుట్ట చక్రం ఇరుసు చుట్టూ తిరుగుతుంది గానీ తన చుట్టూ తాను తిరగదు. తిరిగితే మనం కింద పడతాం. పక్కనే ఉండే రంగులరాట్నం గుర్రం అలా కాదు, బల్లతోపాటు అదీ తిరుగుతుంది. అందుకే దాని మీంచి చుట్టూ ఉన్న కొట్లన్నీ వరసగా కనబడతాయి.

ఇంకో సంగతి. మా గోదావరి డెల్టాలో రొటేషన్ అంటే ఇవేవీ కాదు. "వాడి దగ్గర డబ్బు లేదురా, అంతా రొటేషన్‌లో ఉంది" అంటాం. ఇక్కడ తీసి అక్కడ కట్టడం, అక్కడ తీసి ఇంకోచోట కట్టడం. కాలవ నీళ్లు తక్కువైతే వంతులవారీగా వదులుతారు, పేపర్లో వారబందీ అని రాస్తారు, ఇంజినీర్లు రొటేషన్ అంటారు. పంట మార్పిడీ రొటేషనే. సర్పంచి సీటు రిజర్వేషన్ మారేదీ రొటేషనే. వీటిల్లో ఏదీ గుండ్రంగా తిరగదు, వంతు తిరుగుతుంది.

#8 పాతనిఘంటువు · రాత్రి 11:02

నిద్రపోబోతూ ఈ చర్చాదారం చూశాను, ఇక నిద్ర పోయింది.

రొటేషన్‌కు మూలం లాటిన్‌లో రోటా, అంటే చక్రం. మన రథం దీనికి దూరపు చుట్టం, రెండూ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి వచ్చినవే. రివల్యూషన్‌లో ఉన్నది వోల్వెరె, దొర్లడం. ముందు రి ఉంది కాబట్టి దొర్లి మళ్లీ మొదటికి రావడం. అంటే పుట్టుకలో ఈ మాటలకు ఇరుసు లోపలా బయటా అన్న పట్టింపే లేదు. ఒకదాని చూపు చక్రం మీద, రెండోదాని చూపు మళ్లీ మొదటికి రావడం మీద. మొదటికి వచ్చినదాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టడం తేలిక. ఆర్‌పీఎంలో ఆర్‌కి రివల్యూషన్ కుదరడం నాకేమీ వింత కాదు.

ఇంగ్లిషువాడు కూడా బడి బయట ఈ గీతని పట్టించుకోడు. రివాల్వింగ్ చైర్ దేని చుట్టూ తిరుగుతోంది? తన కాడ చుట్టూ. రివాల్వర్‌లో గుళ్లు పెట్టే డొల్ల తన ఇరుసు మీదే తిరుగుతుంది, అయినా పేరు రివాల్వరే. ఎవరూ రొటేటర్ అనలేదు.

కోపర్నికస్ 1543లో అచ్చేసిన పుస్తకం పేరులోనే ఈ మాట ఉంది, దె రెవల్యూషనిబుస్. ఆకాశ గోళాలు తిరిగి తిరిగి మొదటికి రావడం అని. తర్వాత అదే మాట రాజకీయాల్లోకి వెళ్లి విప్లవం అయింది. మొదటికి రావడం అనే మాట, వెనక్కి రాని మార్పుకి పేరవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. ఆర్యభటుడు 499 నాటికే భూమి తిరుగుతోందన్నాడు. పడవలో ముందుకు పోయేవాడికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనబడినట్టే, కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్టు కనబడతాయన్నాడు. ఆయన లెక్క చూడండి. 43,20,000 ఏళ్ల మహాయుగంలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుంది. అదే యుగంలో రోజులు 157,79,17,500. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. సరిగ్గా 43,20,000 వస్తుంది. అంటే ఏడాదికి ఒక్క తిరుగుడు ఎక్కువ. మనం 365 రోజులు అంటాం గానీ భూమి నిజానికి 366 సార్లు తిరుగుతుంది (పావులు వదిలేశాను). సూర్యుడి చుట్టూ వెళ్లిన ఆ ఒక్క రౌండే ఒక రోజుని మింగేసింది. డాలస్ గారి కుర్చీ చుట్టూ తిరిగిన కథే ఇది.

#9 గూగ్లీ_గురూ · రాత్రి 11:15

క్రికెట్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. కామెంటరీలో "బంతి బాగా తిరుగుతోంది" అంటారు కదా. అక్కడ తిరగడం అంటే రొటేషన్ కాదు! పిచ్ మీద పడ్డాక దిశ మారడం, ఇంగ్లిష్‌లో టర్న్. గాల్లో గిరగిరా తిరిగేది స్పిన్. ఫాస్ట్ బౌలర్ వేసిన బంతి కూడా గాల్లో వెనక్కి తిరుగుతూనే వస్తుంది, కానీ దాన్ని తిరిగింది అనరు.

1999లో ఢిల్లీ కోట్లాలో కుంబ్లే పాకిస్తాన్ మీద పదికి పది తీసినప్పుడు బంతి తిరిగిందా అని మా నాన్నతో ఇప్పటికీ వాదన. కుంబ్లే బంతి పెద్దగా తిరగదు, బౌన్స్ అవుతుంది, వేగంగా దూసుకొస్తుంది అంటాడాయన. మా హైదరాబాద్ నుంచి గులాం అహ్మద్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు అని ఎంతమంది

#10 మోడరేటర్ · రాత్రి 11:19

గురూ గారూ, హైదరాబాద్ స్పిన్నర్లకు వేరే దారం ఉంది, అక్కడ 340 పోస్టులున్నాయి. ఇక్కడ ఫ్యాన్ సంగతి చూద్దాం.

#11 గూగ్లీ_గురూ · రాత్రి 11:21

సరే. ఒక్కటి చెప్పి ఆపేస్తా. స్పిన్నర్ బంతికి ఎన్ని చుట్లు తిప్పాడో టీవీలో చూపించేది కూడా ఆర్‌పీఎంలోనే, బౌలర్లు రెవ్స్ అంటారు. బంతి తన చుట్టూ తానే తిరుగుతుంది, అయినా రెవల్యూషన్సే. ఇక స్ట్రైక్ రొటేట్ చేయడం అంటే సింగిల్స్ తీయడం, అది కాలవగట్టు గారి వంతు లెక్క.

#12 రాట్నం · సోమవారం ఉదయం 5:50

మాది శ్రీకాకుళం జిల్లా. స్పిన్ అంటే మాకు వడకడం. పొందూరులో ఇప్పటికీ దూదిని వాలుగ చేప దవడతో ఏకి, రాట్నం మీద నూలు వడుకుతారు. కుడిచేత్తో చక్రం తిప్పితే కదురు గిర్రున తిరుగుతుంది, ఎడమచేతిలో ఏకు సన్నగా సాగుతుంది. చక్రం ఒక్కసారి తిరిగితే కదురు చాలాసార్లు తిరుగుతుంది. తిప్పడం తక్కువైతే దారం పేలవంగా ఉండి ఊడిపోతుంది, ఎక్కువైతే మెలికపడుతుంది. మా అమ్మమ్మ నంబర్లు ఎరగదు, చెవితో వినేది. కదురు చప్పుడు మారితే చెయ్యి ఆపేది.

ఇంగ్లిష్‌లో బంతి, దారం, వాషింగ్ మెషీన్ అన్నిటికీ స్పిన్నే. మనకు దారానికి వేరే మాట ఉంది. స్పిన్నింగ్ మిల్లుని ఎవరైనా తిరిగే మిల్లు అని అనువదిస్తే నవ్వొస్తుంది, నేను ఒక చోట చదివాను కూడా.

#13 పేపర్‌బోట్ · ఉదయం 6:35

ఇన్ని జవాబులా! పాప ఇంకా లేవలేదు. లేచాక ఏం చెప్పాలో ఒకసారి మీకు చెప్తాను, తప్పైతే దిద్దండి.

ఫ్యాన్ మొత్తంగా చూస్తే రొటేషన్, టీచర్ది రైటు. రెక్క చివర ఒక ఎర్ర చుక్క పెట్టి ఆ చుక్కని చూస్తే అది షాఫ్ట్ చుట్టూ తిరుగుతోంది, ఎన్ని రౌండ్లు వేసిందో లెక్కపెట్టొచ్చు, పెట్టెది రైటు. రాత్రి నిద్ర పట్టక లెక్క కూడా వేశాను. 1200 మి.మీ. వెడల్పు అంటే ఒక చుట్టుకి 3.77 మీటర్లు. నిమిషానికి 380 చుట్లు. ఆ చుక్క గంటకు దాదాపు 86 కి.మీ. వేగంతో పోతోంది. హైవే మీద మా కారు అంత!

ఒకటే మిగిలింది. ఆర్‌పీఎంని తెలుగులో ఏమనాలి? నిమిషానికి భ్రమణాలా, పరిభ్రమణాలా?

#14 పాతనిఘంటువు · ఉదయం 6:48

నిమిషానికి ఇన్ని భ్రమణాలు అని రాయండి. పరి అంటే చుట్టూ, దాన్ని గ్రహాలకు వదిలేయండి.

#15 స్టార్టర్‌బాక్సు · ఉదయం 6:55

భ్రమణాలు అని రాస్తే నా షాపుకొచ్చే ఒక్క రైతుకీ అర్థం కాదు సార్. "ఎన్ని చుట్లు?" అంటే అందరికీ తెలుసు. మెషీన్ దగ్గర చుట్లు, పుస్తకంలో మీ ఇష్టం. వైండింగ్‌లో తీగని కూడా చుట్లే అంటాం, అదొక్కటే ఇబ్బంది.

నిన్న రాత్రి నాకొకటి తట్టింది. బోరు మోటారు నేమ్‌ప్లేట్ మీద 2880 ఉంటుంది. కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, నిమిషానికి 3000, రెండు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు దానికంటే కొంచెం వెనకబడి తిరుగుతుంది. నాలుగు పోళ్లదైతే అందులో సగం, 1440. రోజుకి నిమిషాలెన్ని? 1440! మోటారు నిమిషంలో 1440 చుట్లు, భూమి 1440 నిమిషాల్లో ఒక చుట్టు. ఇన్నేళ్లు ఆ ప్లేటు చూస్తున్నా, ఎప్పుడూ తట్టలేదు.

#16 నల్లబల్ల · ఉదయం 7:10

స్టార్టర్ గారూ, ఇది నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది! చిన్న సవరణ మాత్రం ఉంది, టీచర్ని కదా, ఊరుకోలేను. భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, అంటే 1436 నిమిషాలు. మిగతా నాలుగు నిమిషాలూ సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావడానికి. ఆ నాలుగు నిమిషాలు ఏడాదంతా పోగేస్తే నిఘంటువు గారు చెప్పిన ఆ ఒక్క ఎక్కువ తిరుగుడు అవుతుంది.

పేపర్‌బోట్ గారూ, విజయవాడ వైపువాళ్లయితే మీరు ఫ్యాన్ కింద కూర్చునే గంటకు సుమారు 1600 కి.మీ. వేగంతో తూర్పుకి పోతున్నారు. శ్రీహరికోటలో రాకెట్‌ని తూర్పు వైపు, సముద్రం మీదుగా వదలడానికి ఇదీ ఒక కారణం, భూమి తిరిగే వేగం ఊరికే కలిసొస్తుంది.

రెండు మాటలే అనుకోకండి, మూడో తిరుగుడు కూడా ఉంది. బొంగరం వేసి చూపించండి. గిర్రున తిరిగేటప్పుడు నిటారుగా ఉంటుంది. వేగం తగ్గాక తల ఊపుతూ, ఆ ఇరుసే మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. భూమి ఇరుసు కూడా అలాగే ఊగుతుంది, ఒక ఊపు పూర్తవడానికి దాదాపు 26 వేల ఏళ్లు. ఆ ఊపు వల్లే సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో అయితే మన సంక్రాంతి జనవరి 14కి జరిగింది. సుమారు 1700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు వచ్చేవి. బొంగరం ఇప్పుడు దొరకడమే కష్టం, జాతరలో చూడండి, జెయింట్ వీల్ పక్కన.

#17 పేపర్‌బోట్ · ఉదయం 8:20

బస్సు వెళ్లిపోయింది. పాపకి ఎర్ర చుక్క కథ చెప్పాను, ఒప్పుకుంది. కుర్చీ ప్రయోగం మాత్రం ఒక్కసారితో ఆపలేదు, యూనిఫామ్‌తో పదిహేను రౌండ్లు వేసి "నాన్నా, తల తిరుగుతోంది" అంటూ సోఫాలో కూలబడింది. ఇడ్లీ సగంలో వదిలేసింది. ఆ తల తిరగడం రొటేషనా రివల్యూషనా అని మా ఆవిడ నన్ను అడుగుతోంది, అడిగిన తీరు చూస్తే జవాబు కోసం అడిగినట్టు లేదు.

స్టార్టర్ అన్నా, ఒక సందేహం. హాల్లో పాత ఫ్యాన్‌ని విప్పి బెడ్‌రూంలో నేనే బిగించాను. తిరుగుతోంది గానీ గాలి కిందకి రావట్లేదు. రొటేషన్ మారిందా?

#18 స్టార్టర్‌బాక్సు · ఉదయం 8:26

కింద నుంచి చూస్తే ఎటు తిరుగుతోంది, గడియారం ముల్లు లెక్కనా, ఉల్టానా? సీలింగ్ ఫ్యాన్ ఉల్టా తిరగాలి. ముల్లు లెక్కన తిరుగుతుంటే కండెన్సర్ వైరు తప్పు కాయిల్‌కి పడ్డట్టు. మెయిన్ ఆఫ్ చేయకుండా ముట్టకు. ఫొటో పెట్టు, చూస్తా.